వియత్నాం పిల్లకు దిష్టి

"నేనెన్నడన్న ఈ గది ఇడిసి పండుకున్ననా? ఇప్పుడు నా మంచం బయటెయ్యాల్నా?" అని మల్లప్ప అడగడం నిద్ర లేచినప్పటి నుంచి అది మూడోసారి.

"ఒక్క గంటసేపే కద మామా. తెల్లగోడ ఉన్నది ఈ గదికే. ఎనుక నీ మంచం కనవడితె ఏం బాగుంటది?" అంది కోడలు మల్లీశ్వరి, లాప్‌టాప్ కింద బియ్యం డబ్బా సర్దుతూ.

"ఏం, నా మంచానికి ఇంగ్లీషు రాదా?"

"మూడు దినాల సంది గిదే లొల్లి," అని అతని భార్య సత్తమ్మ వాకిట్లోంచి కేకేసింది. "లే! బయట జర గాలన్న తగుల్తది."

మంచం వరండాలోకి వెళ్లింది. మల్లప్ప దుప్పటి ముసుగు తన్ని నిరసన తెలిపాడు.

నార్కట్‌పల్లిలో మల్లీశ్వరి చదువు చెప్పిన ప్రైవేటు బడి మూతపడి ఏడాదైంది. ఎన్ని చోట్ల అడిగినా దొరకని పని చివరికి ఇంట్లోకే వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుని వియత్నాం పిల్లలకు ఇంగ్లీషు చెప్పాలి. అయితే ముందు మూడు రోజుల పరీక్ష. అప్పగించిన పిల్ల మూడోనాటికైనా నోరు తెరవకపోతే ఉద్యోగం లేదు. ఆరేళ్ల ఆ పిల్ల పేరు మిన్. మొదటిరోజు కుర్చీ కింద దాక్కుంది. రెండోరోజు గంటంతా ఏడ్చింది. ఇవాళ మూడోరోజు.

పొద్దున ఆరు కొట్టింది. "హలో మిన్! టచ్ యువర్ నోస్!" మల్లీశ్వరి ముక్కు పట్టుకుంది, చెవులు పట్టుకుంది, కప్పలా రెండు గెంతులు కూడా వేసింది. మిన్ కింది పెదవి వణకసాగింది.

తలుపు సందులోంచి చూస్తున్న సత్తమ్మకు ఇక అనుమానం లేదు. గొర్రెపిల్ల పాలు మానేసినా, పసిపిల్ల అన్నం మానేసినా ఆమెకు తెలిసిన మందు ఒకటే. గుప్పిట్లో గల్లుప్పు, ఎండు మిరపకాయలు పట్టుకుని లోపలికి వచ్చేసింది.

"అత్తమ్మా! క్లాసు నడుస్తాంది!"

"నడవనియ్యి. మనిషి ఎదురుంగ ఉన్నప్పుడే దిష్టి తియ్యాలె. గింత ముద్దుగుంటె తగల్దా మరి?" లాప్‌టాప్ చుట్టూ గుప్పిట మూడుసార్లు తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, సముద్రం అవుతలి దిష్టి... థూ, థూ, థూ!"

గడప దగ్గర కుండపెంకులో నిప్పులు సిద్ధంగా ఉన్నాయి. మిరపకాయలు వాటి మీద పడ్డాయి. నిజంగా దిష్టి తగిలి ఉంటే అవి ఎంత మాడినా ఘాటు రాదని సత్తమ్మ నమ్మకం. ఆ లెక్కన వియత్నాం పిల్లకు దిష్టి రవ్వంత కూడా లేదు.

మల్లీశ్వరికి దగ్గు తెర వచ్చింది. దుప్పటి కింద మల్లప్ప అందుకున్నాడు. పొగ చూసిన పక్కింటి బక్కమ్మ, "వామ్మో, ఇల్లు అంటుకున్నది!" అంటూ బిందెడు నీళ్లు తెచ్చి గుమ్మంవైపు విసిరింది. గుమ్మానికీ ఆమెకూ మధ్య మల్లప్ప మంచం ఉంది. ఆ అరుపులకు మల్లీశ్వరి భర్త శివకృష్ణ ఒంటినిండా సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చి, కరెంటు మంటలనుకుని మెయిన్ స్విచ్ దించేశాడు. దాంతో ఇంటర్నెట్ పోయింది. తెరమీద మిన్ నోరు తెరుచుకుని అలాగే బిగుసుకుపోయింది.

ఫోన్ మోగింది. కంపెనీ సూపర్‌వైజర్.

"మేడం, మీ ఇల్లు కాలిపోతోందని స్టూడెంట్ వాళ్ల అమ్మ ఫోన్ చేసింది. ఎవరో పెద్దావిడ మిమ్మల్ని బెదిరిస్తోందట. పోలీసులను పంపమంటారా?"

"వద్దు సార్, ఆమె మా అత్తమ్మ."

"అందుకే అడుగుతున్నా మేడం."

ఫోన్ పెట్టేసి మల్లీశ్వరి కూలబడింది. "పోయింది. ఇది గూడ పోయింది."

సత్తమ్మ చేతికి అంటుకున్న ఉప్పును చూసుకుంటూ నిలబడింది. "నాకేమెరుక బిడ్డా? రెండు దినాల సంది నువ్వు బుక్కెడు బువ్వ సరిగ తింటలేవు. ఆ పిల్ల ఏడుపు ఆగితె నీ నౌకరి నిలవడ్తదనుకున్న."

శివకృష్ణ స్విచ్ మళ్లీ ఎత్తాడు. కాసేపటికి తెర కదిలింది. మిన్ మొహాన్ని దాదాపు తెరకు ఆనించి చూస్తోంది. వెనక తల్లి, తండ్రి, ఒక ముసలమ్మ వరుసగా నిలబడ్డారు.

"గ్రాండ్మా?" అంది మిన్. "వేర్ గ్రాండ్మా?"

మూడు రోజుల్లో ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాటలు అవే. మల్లీశ్వరి అత్త చెయ్యి పట్టి లాగి కుర్చీలో కూర్చోబెట్టింది. మిన్ చిన్న గుప్పిట బిగించి గాలిలో మూడుసార్లు తిప్పి, "థూ, థూ, థూ!" అంది.

"సల్లగుండు తల్లీ!" అంటూ సత్తమ్మ ఘాటుకు కారుతున్న ముక్కు తుడుచుకుంది.

"నోస్!" అని అరిచింది మిన్. సత్తమ్మ కళ్లు తుడుచుకుంటే "ఐజ్!" అంది. మల్లీశ్వరి ఇక గెంతాల్సిన అవసరం రాలేదు.

మధ్యాహ్నం అన్నాలవేళ మెసేజ్ వచ్చింది. మిన్ తల్లి మూడు నెలల క్లాసులకు ఒప్పుకుంది. ఒకటే షరతు, టీచర్లు ఇద్దరూ ఉండాలి.

కోడలు అది చదివి వినిపించాక సత్తమ్మ పప్పు వడ్డించడం పూర్తిచేసింది. ఎవరి వంకా చూడకుండా మెల్లగా అంది.

"రేపటి సంది పొద్దుగాల ఆరింటికి నాకు డ్యూటీ. ఎవల చాయ్ వాళ్లే పెట్టుకోండ్రి."

మల్లప్ప చెయ్యి కడుక్కుని వచ్చి, చాయ్‌పత్తి డబ్బా ఏ రంగులో ఉంటుందని కోడలిని అడిగాడు.