థార్న్‌బెక్ తారతమ్య శాఖ

మానవ నాగరికత నిప్పుతో మొదలైందని చరిత్రకారులు పొరబడుతుంటారు. అది తారతమ్యంతో మొదలైంది. ఇంగ్లండులోని మా థార్న్‌బెక్ పురపాలక సంఘం ఈ సంగతిని మొన్నటి శీతాకాలంలో కనిపెట్టి, తారతమ్య శాఖను నెలకొల్పింది.

ఇంగ్లీషు వ్యాకరణంలో క్రియావిశేషణాలకు మూడు మెట్లుంటాయని బళ్ళో అందరం వల్లె వేసినవాళ్ళమే: త్వరగా, మరింత త్వరగా, అందరికంటే త్వరగా. ఇకపై సంఘం అద్దె ఇళ్ళలో ఏది చెడినా మరమ్మతు ఈ మెట్ల ప్రకారమే జరుగుతుంది. మామూలుగా బాధపడేవాళ్ళకు త్వరగా (అంటే వసంతంలో). పక్కవాళ్ళకంటే ఎక్కువగా బాధపడేవాళ్ళకు మరింత త్వరగా (వసంతానికి కాస్త ముందు). అందరికంటే ఎక్కువగా బాధపడేవాళ్ళకు ఆ రోజే. ఒక్కటే చిక్కు. తన బాధ పక్కవాడి బాధకంటే పెద్దదని ఎవరికి వారే నోటితో చెప్పుకోవాలి. ఇంగ్లీషువాళ్ళ చేత ఆ మాట అనిపించడం కంటే రాతి నుంచి నార తీయడం తేలిక.

మా వీధిలో ఎడ్నా థాక్రే, ఆవిడ గోడకవతల సిరిల్ ఆగ్‌డెన్, ఇద్దరూ ఒంటరి ముసలివాళ్ళు. జనవరిలో ఇద్దరి ఇళ్ళల్లోనూ గదులు వేడిచేసే బాయిలర్లు చెడిపోయాయి. కిటికీ అద్దాలకు లోపలివైపు మంచు పేరుకుంది. ఎడ్నాకు నడక కష్టం కనుక శాఖకు నేను తోడు వెళ్ళాను. సిరిల్ దగ్గుకుంటూ మా వెంట వచ్చాడు.

తారతమ్యాధికారి జూలియన్ పెటిఫర్ ఎంతో మర్యాదస్తుడు. "ఇల్లు బాగా చల్లగా ఉందా మేడం?"

"అబ్బే, అంత ఘోరంగా ఏం లేదు బాబూ. ఇంకో స్వెట్టర్ వేసుకుంటే సరిపోతోంది," అంది ఎడ్నా వణుకుతూ.

"ఆగ్‌డెన్ గారింటికంటే చల్లగా ఉందా?"

"ఛ, అదేం మాట! ముందు ఆయన సంగతి చూడండి. ఆ దగ్గు వినబడట్లేదూ?"

"ఈ దగ్గు నాతోపాటే పుట్టింది," అన్నాడు సిరిల్. "ఆవిడ పని కానివ్వండి సార్. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"గుండ్రాయి పెదాలు నీలంగా ఉండవు. మీరు ముందు."

"కాదు కాదు, మీరే."

నాకు ఒళ్ళు మండిపోయింది (ఆ నెలలో మా వీధివాళ్ళకు మండింది అదొక్కటే). "చలికి చచ్చిపోతున్నాం అనండి, మీ సొమ్మేం పోయింది?" అని అరిచాను. క్యూ మొత్తం తిరిగి నన్ను చూసింది. నా తరఫున ఎడ్నా అందరికీ క్షమాపణ చెప్పింది.

"ఇద్దరిదీ మొదటి మెట్టే," అన్నాడు పెటిఫర్ విచారంగా. "తన బాధ ఎక్కువని ఎవరూ అనలేదు. నేనేం చెయ్యను?"

ఊరంతా అదే తంతు. థార్న్‌బెక్‌లో ఎవరూ ఎవరికంటే ఎక్కువగా బాధపడటం లేదని సంఘం గర్వంగా ప్రకటించింది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఎడ్నా రోజూలాగే గోడ తట్టి సిరిల్‌ను టీకి పిలిచింది. జవాబు రాలేదు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

చలికే పోయాడని డాక్టరు తేల్చడంతో ఆయన ఫిర్యాదు నేరుగా మూడో మెట్టెక్కింది. మధ్యాహ్నానికల్లా మనుషులొచ్చి బాయిలర్ బాగుచేసి, పరీక్ష కోసం రాత్రింబవళ్ళు వెలిగించి ఉంచారు. ఆ ఖాళీ ఇల్లు కొలిమిలా ఉంది. ఎడ్నా కుర్చీ జరుపుకొని, మధ్యగోడకు వీపు ఆనించి కూర్చుంటోంది.

గోడ వెచ్చగా ఉందని తెలిసి, శాఖ ఆవిడ ఫిర్యాదును పరిష్కారమైనట్టు మూసేసింది.