రెండు ఫోన్లు, రెండు బస్తాలు

కన్యాకుమారి ఎక్కాల్సిన కాశీ యాత్ర బస్సు సాయంత్రానికి. ఆలోగా భార్య చేతిలో ఒక ఫోను పెట్టాలని నగరేశ్వరరావు పొద్దున్నే అనుకున్నాడు. రాజాంలో ధాన్యం వ్యాపారం చేసి తల నెరిసినా, తన పంచెలు ఏ బీరువాలో ఉంటాయో ఆయనకు ఈనాటికీ తెలియదు. పెళ్లాంతో మాట్లాడే దారి లేకపోతే ఈ పదిహేను రోజులూ ఏం కట్టుకు తిరగాలన్నది ఆయన భయం.

అప్పుడప్పుడే ఫోర్‌జీ వచ్చిన రోజులు. సెల్ షాపు విజయ్‌కుమార్ రెండు ఫోన్లు తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టాడు. కవల పిల్లల్లా ఉన్నాయి.

"రెండిటికీ ర్యామ్ అంతే, కెమెరా అంతే, ధరా అంతే బాబాయ్. దీనికి బ్యాటరీ ఎక్కువని రాసినారు. దానికి సౌండెక్కువని రాసినారు."

"బస్తా మీద రాసింది సూసి దాన్యం కొంటామేట్రా? సాయంత్రందాకా ఉంచు. వాడి సూసి సెప్తాను."

విజయ్‌కుమార్ రెండిట్లోనూ సిమ్ములు వేసి, పెద్దావిడ కాశీకి వెళుతోంది కదా అని శంఖమూ గుడిగంటలూ మోగేలా పెట్టి వెళ్లాడు.

ఆ ఇంట్లో ఏది పోయినా చివరికి ధాన్యంలోనే దొరుకుతుంది. కాబట్టి ధాన్యం అడుగునుంచి వినిపించేదే మంచి ఫోనని షావుకారు తీర్మానించాడు. మూతి కట్టని రెండు బస్తాల్లో చెరొకటీ దింపి, తన పాత ఫోనుతో మోగించి చూద్దామని కళ్లజోడు కోసం లోపలికి వెళ్లాడు. అది ఎక్కడుందో కన్యాకుమారి చెప్పాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి బస్తాలు లేవు.

"గంగులూ, ఇక్కడి బస్తాలేయిరా?"

"మూతులు కుట్టి లారీకెత్తేసినాం బాబూ. మిల్లుకెలిపోనాది," అన్నాడు కలాసీ గంగులు, మెచ్చుకుంటారన్న ఆశతో.

షావుకారు గంగుల్ని వెంటేసుకుని ఆటో ఎక్కాడు. దించేసిన బస్తాల్లో తనవేవో తెలుస్తాయని దారి పొడుగునా ఫోన్లు మోగించాడు. అదే కొంప ముంచింది. మిల్లు వాకిట్లో ఒక బస్తా శంఖం ఊదింది. కాసేపటికి ఇంకోటి గంటలు కొట్టింది. ఆయన ఆటో దిగేసరికి రెండు బస్తాలకూ పసుపు పూసి, వేపమండలు గుచ్చి ఉన్నాయి.

"అక్కసెల్లెళ్లు సావుకారూ!" అంది అక్కడ ధాన్యం చెరిగే తాతమ్మ. "ఒకర్తి పిలస్తాది, ఒకర్తి పలుకుతాది."

"అమ్మోరూ లేదు, గిమ్మోరూ లేదు! అవి ఫోన్లే. నాను నొక్కితే మోగుతాయి, సూడండి!"

నొక్కాడు. శంఖం మోగింది. వాకిలంతా మోకాళ్ల మీద పడింది.

"సావుకారు పిలిస్తే పలుకుతన్నాది! ఇంకోపాలి పిలు బాబూ, మా కోడలి కడుపు పండుతాదో లేదో అడుగు!"

ఆయన నిజం నిరూపించబోయిన ప్రతిసారీ ఒక కొబ్బరికాయ పగిలింది. మెడలో బంతిపూల దండ పడింది. డప్పులు దిగాయి. మధ్యాహ్నానికి ఒక బస్తా మూగబోతే, సెల్లి అలిగినాదన్నారు. రెండోది మాత్రం అంతే జోరుగా పలుకుతోంది. షావుకారు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"ఓరి నాయనా! బ్యాటరీ అంటే ఇదిరా!"

ఏ ఫోను కొనాలో తేలిపోయింది. కుట్టు విప్పమంటే గంగులు జనాన్ని చూసి వెనక్కి తగ్గాడు. "సేతులు పడిపోతాయి బాబూ."

సాయంత్రానికి కాశీ బస్సు వచ్చి, డప్పులు విని మిల్లు ముందు ఆగింది. కన్యాకుమారితో సహా ఆడవాళ్లంతా దిగారు. షావుకారు భార్యను పక్కకు లాగి, "కన్యా, అందులో ఉన్నది నీ ఫోనే. తియ్యనివ్వడం లేదు," అని గొణిగాడు.

ఆమె ఆయన్నీ, మెడలో దండనీ చూసింది. చెంగు బిగించి బస్తా దగ్గరికి వెళ్లి, చెవి ఆనించి, తల ఊపింది.

"అమ్మోరు నాతో కాశీ వస్తానంటన్నాది. తోవియ్యండి!"

డప్పులు హోరెత్తాయి. ఆమే స్వయంగా కుట్టు విప్పి, మోచేతిదాకా చెయ్యి పెట్టి, లోపలున్నదాన్ని కొత్త రవికెగుడ్డలో చుట్టి, నెత్తిన పెట్టుకుని బస్సెక్కింది. కబురు తెలిసి పరిగెత్తుకొచ్చిన విజయ్‌కుమార్, ప్రసాదం సంచిలో ఛార్జరు పడేశాడు. ఇన్నేళ్లూ తనతో కాపురం చేసింది ఎవరో అప్పుడే చూసినట్టు, షావుకారు తనకు తెలియకుండానే చేతులు జోడించాడు.

ఆ పదిహేను రోజులూ ఆయన పంచెల కోసం ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. మోగినప్పుడల్లా బస్సులో హారతి ఇచ్చారట.