చదువు రాదనడానికి రుజువు

ఇకమీదట ఈ జిల్లాలో ఏ పిల్లా, ఏ పిల్లాడూ రుజువు లేకుండా ఏదీ నేర్చుకోకూడదని జిల్లా విద్యాధికారి డాక్టర్ వగీహ్ అల్-దీబ్ గారు మార్చి నెలలో ఒక శుభదినాన ప్రకటించారు. ప్రకటన వెలువడ్డ మర్నాడే కఫ్ర్ అల్-నహ్లా ప్రాథమిక పాఠశాలకు ట్యాబ్లెట్ వచ్చింది. ఒక్కటే వచ్చింది. పిల్లలు నాలుగు వందల చిల్లర ఉన్నారు. మహత్కార్యాలన్నీ ఒక్క దీపంతోనే మొదలవుతాయని డాక్టర్ గారు పంపిన కాగితంలోనే రాసి ఉంది కాబట్టి ఎవరూ నొచ్చుకోలేదు.

హెడ్మాస్టర్ ఉస్తాద్ హెల్మీ దాన్ని తన పేరున సంతకం పెట్టి తీసుకున్నారు. సర్కారు వస్తువుకు గీత పడితే సంతకం పెట్టినవాడి జీతంలో కోస్తారు. అందుకని దాని మీది ప్లాస్టిక్ కాగితాన్ని ఒలవనివ్వలేదు. ఆ కాగితంలోంచి తీసిన బొమ్మల్లో పిల్లలందరూ పొగమంచులో నిలబడ్డట్టు ఉంటారు. ఎవరెవరో కన్నతల్లులు కూడా పోల్చుకోలేరు. ఇది పిల్లల గోప్యత కోసం తీసుకున్న జాగ్రత్త అని ఆయన పైవాళ్ళకి రాస్తే మెచ్చుకోలు కూడా వచ్చింది.

పథకం పేరు డిజిటల్ పోర్ట్‌ఫోలియో. ప్రతి పిల్లకీ పోర్టల్‌లో ఒక పేజీ, పేజీలో రెండు గళ్ళు. 'ముందు' అనే గడిలో చదువు రానప్పటి వీడియో పెట్టాలి, 'తర్వాత' అనే గడిలో చదువు వచ్చాక తీసినది పెట్టాలి. పోర్టల్ తనే విని, గడికి ఎరుపో పచ్చో రంగు వేసి, కింద ఒక మాట రాస్తుంది. రెండు గళ్ళూ పచ్చబడితేనే పై తరగతి.

ఒకటో తరగతి టీచరు పేరు ఇన్షిరాహ్. పిల్లలు అబ్లా అని పిలుస్తారు. ఆవిడ చేసిన తప్పు ఒక్కటే. బడి తెరిచిన రోజు నుంచీ ఊరుకోకుండా పిల్లలందరికీ చదవడం నేర్పేసింది.

"ముందే నేర్పేశావా?" అని నెత్తి పట్టుకున్నారు హెల్మీ. "నీకంత తొందరేమొచ్చిందమ్మా?"

"సిలబస్ అదే కదా సార్."

"అది మార్చికి ముందు సిలబస్. ఇప్పుడు 'ముందు' వీడియోలు ఎక్కణ్ణించి తెస్తావు?"

"అదే నేనూ అడుగుతున్నాను సార్."

"మరిపించు."

"చదువు మరిపించడం నాకు రాదు సార్."

"ఇరవై ఏళ్ళ సర్వీసు పెట్టుకుని ఆ మాత్రం రాదంటావేంటమ్మా! కాలవ అవతలి బడి చూడు. మొదట్నించీ ఏమీ చెప్పకుండా ఎంత ముందుచూపుతో ఉన్నారో! వాళ్ళ పని రెండ్రోజుల్లో అయిపోయింది."

ఇన్షిరాహ్ చేసేది లేక పాఠాలు ఆపేసి, చదువు రాకపోవడం నేర్పడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం అలిఫ్ దగ్గర ఆగి బుర్ర గోక్కోవాలి. రెండోది బా దగ్గర కప్పు వైపు చూడాలి. మూడో మాట దగ్గర ముక్కు ఎగబీల్చాలి. పిల్లలకి ఇంత ఇష్టమైన పాఠం ఆ ఏడాది మరొకటి లేదు. ఒక పిల్లాడైతే పాత్రలో లీనమైపోయి నిజంగానే ఏడ్చాడు. పోర్టల్ పచ్చరంగు వేసి, "ఈ విద్యార్థికి చదువు రాదు. అభినందనలు" అని రాసింది.

అందరివీ రెండు గళ్ళూ అయిపోయాయి. బసంత్ ఒక్కతే మిగిలింది.

బసంత్ పోయినేడు ఒకటో తరగతి తప్పింది. ఈ ఏడు మళ్ళీ అదే బెంచీ మీద కూర్చుంది. జనవరి దాకా అక్షరాలు దాని బుర్రకెక్కితే ఒట్టు. ఆ తర్వాత ఒక పొద్దున్న బోర్డు మీది 'రొట్టె' అన్న మాట ఎవరూ అడక్కుండానే చదివేసింది. ఆ రోజు ఇన్షిరాహ్ సుద్దముక్క కోసమని బయటికెళ్ళి, గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఆవిడకి ఆ పిల్లంటే ప్రాణం. ఈసారి కూడా తప్పితే బడి మానిపించి, ఇంట్లో ముసలి నానమ్మకి కాపలా పెడతానని పిల్ల బాబాయి ఎప్పుడో తేల్చి చెప్పాడు.

"ఒక్కసారి తప్పు చదువమ్మా బసంత్. ఒక్కటంటే ఒక్కసారి."

"తప్పు చదివితే మా నానమ్మ చచ్చిపోతుంది అబ్లా."

నానమ్మకి చక్కెర జబ్బూ ఉంది, రక్తపోటూ ఉంది. కళ్ళు ఆనవు. ఏ డబ్బాలో ఏ మాత్ర ఉందో ఇప్పుడు మనవరాలే చదివి చెబుతోంది. ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా నేను పోతానే తల్లీ అని ఆవిడ మొదటి రోజే చెప్పింది.

"ఇవి మందులు కావే, పాఠం."

"అక్షరాలు అవేగా?"

ఇన్షిరాహ్ పుస్తకం మూసి హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. సంగతి హెల్మీ గారు స్వయంగా చేపట్టారు. ముందు పుస్తకాన్ని తలకిందులుగా పెట్టారు. పిల్ల గడగడా చదివేసింది. ఇంట్లో ఉన్నది ఒక్క పుస్తకం, అది అన్న ముందుంటే ఎదురుగా కూర్చుని చదువుకునే అలవాటు. పేపర్లో చావుల పేజీ ఇచ్చారు. పోయినవాళ్ళ పేర్లు చదివి, ఒక్కొక్కరి ఆత్మశాంతికీ ఆగి దువా కూడా చేసింది. కరెంటు ఆఫీసు నోటీసు ఇస్తే అదీ వదల్లేదు. వినీ వినీ పోర్టల్ ఎర్రబడి, "ఈ విద్యార్థికి చదువు వచ్చు. ఇది తీవ్రమైన లోపం. వెంటనే సరిదిద్దగలరు" అని రాసింది.

"పోయినేడు దీనికి నిజంగానే రాదు సార్. పరీక్ష తప్పింది. కాగితాలున్నాయి" అంది ఇన్షిరాహ్.

"పోయినేటి అజ్ఞానం చెల్లదమ్మా. అప్పుడు పోర్టల్ లేదు."

"అది పరీక్ష తప్పినప్పుడు చదువు రాదని నమ్మారు. ఇప్పుడు వచ్చిందంటే నమ్మరా?"

"వచ్చిందని నమ్మాలంటే ముందు రాదని తేలాలి కదా! ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. అల్లా మీద ఆన, నా సర్వీసులో ఇంత మొండి తెలివి చూళ్ళేదు."

మే నెలలో డాక్టర్ వగీహ్ గారే బడికి వస్తున్నారని కబురొచ్చింది. జిల్లాలో నూటికి నూరు శాతం పచ్చబడ్డ తొలి బడిగా ప్రకటిస్తారట. గోడలకి ఆయన కారులోంచి కనబడేంత మేరకు సున్నం వేశారు. నెయ్యి ఓడే ఫతీర్ రొట్టెలూ తేనే తెప్పించారు. ఆ పొద్దున్న బసంత్‌ని చివరిసారిగా కూర్చోబెట్టారు. మళ్ళీ ఎరుపే. ఇక చేసేదేం లేదని హెల్మీ గారు ఆ ట్యాబ్లెట్‌ని, బసంత్ పేజీ అలా తెరిచి ఉండగానే, చంకలో పెట్టుకుని గేటు దగ్గరికి పరిగెత్తారు.

డాక్టర్ గారి ఉపన్యాసం దివ్యంగా సాగింది. రాసిచ్చిన గుమాస్తా గొప్ప భాషా పండితుడు, చదివేది డాక్టర్ గారు.

"ఈ శు... శుభ... తరుణ... తరుణులలో," అని మొదలుపెట్టారాయన. "విద్యార్థుల సర్వ... సర్వతో... సర్వతోము..." కాసేపు ఆగి, పందిరి కప్పు వైపు చూశారు. "...ఖాభి. వృద్ధి. కొరకు. మనమందరమూ జ్ఞానాన్ని పారదోలి..."

చప్పట్లు మోగాయి. ఆయన బుర్ర గోక్కుని, పేజీ తిప్పి, ముక్కు ఎగబీల్చారు.

"అబ్లా, ఎంత బాగా చేస్తున్నారో!" అంది బసంత్ ముందు వరసలోంచి, మనస్ఫూర్తిగా. "ఈయనకి ఎవరు నేర్పారు?"

ఇన్షిరాహ్ పిల్ల నోరు మూసింది.

వేదిక పక్కన హెల్మీ గారు ఉపన్యాసమంతా భక్తితో ట్యాబ్లెట్‌లో పట్టారు. కింద ఎర్రగా ఏ బొత్తం కనబడితే అది నొక్కారు. ఉపన్యాసం ముగియగానే ట్యాబ్లెట్ టింగుమంది. బసంత్ పేజీలో 'ముందు' గడి పచ్చబడింది. దాంతోపాటే, తీగ కలిపి ఉన్న పెద్ద తెర మీద బడి మొత్తం 'ముందు' గళ్ళ లెక్క వెలిగింది. నూటికి నూరు.

డాక్టర్ గారు తెర చూసి పరవశించిపోయారు.

"ఇప్పుడే! నేను మాట్లాడుతుండగానే! ఎవరీ బసంత్?"

ఇన్షిరాహ్ పిల్లని తీసుకొచ్చి వేదిక ఎక్కించి, పక్కన నిలబడింది. తెర మీద పొగమంచులో ఏదో ఆకారం, కింద పోర్టల్ రాసిన మాట.

"చూడండి, ఈ చిట్టితల్లి ఎక్కణ్ణించి బయల్దేరిందో!" అన్నారు డాక్టర్ గారు మైకులో. "ఆ మాటని ఈ పిల్ల చేతే చదివిద్దాం. 'తర్వాత' వీడియో కూడా మన కళ్ళముందే అయిపోతుంది," అంటూ హెల్మీ గారి చేతిలోని ట్యాబ్లెట్ తనే అందుకుని పిల్ల వైపు తిప్పారు.

హెల్మీ గారు అప్పుడు తెర వైపు చూశారు. తను పట్టిన ఉపన్యాసం ఎవరి పేజీలో పడిందో అప్పుడు తెలిసింది. "కరెంటు తీసెయ్యమ్మా," అన్నారు ఇన్షిరాహ్ చెవిలో. "నీకు పుణ్యముంటుంది, తీసెయ్."

తీగ ఆవిడ కాలి దగ్గరే ఉంది. ఒక్కసారి తన్నితే ఊడిపోతుంది. ఊడితే రెండో గడి పచ్చబడదు. ఇన్షిరాహ్ కాలు వెనక్కి తీసుకుని, ఎవరూ లాగకుండా తీగని జాగ్రత్తగా మడమ కింద పెట్టుకుంది.

బసంత్ టీచరు వైపు తిరిగింది. "అబ్లా, తప్పు చదవాలా? సరిగ్గా చదవాలా?"

"ఉన్నది ఉన్నట్టు చదువమ్మా."

పిల్ల గొంతు సవరించుకుంది. నానమ్మకి మందు డబ్బా చదివినంత శ్రద్ధగా, ఎక్కడా తడబడకుండా చదివింది.

"ఈ విద్యార్థికి చదువు రాదు. పలుకుతున్న మాటలకు అర్థం తెలిసినట్టు కూడా లేదు. మందలించవద్దు. ఓపికగా, అలిఫ్ నుంచి మొదలుపెట్టండి. అభినందనలు."

రెండో గడి పచ్చబడింది. పందిరి దద్దరిల్లింది. అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది డాక్టర్ గారే. ఆయన కళ్ళు తుడుచుకుని, ఇంత చక్కటి మాట తన సర్వీసులో వినలేదని, దీన్ని తన ఫొటో కింద రాయించి జిల్లాలో ప్రతి బడి గేటుకీ తగిలించాలని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చారు.

తగిలించారు. బసంత్ ఇప్పుడు రెండో తరగతి. రోజూ గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఫొటో చూసి, కింద ఉన్నది పైకి చదివి లోపలికి వెళ్తుంది.