అత్తగారి పేగు

ఆ ఉదయం చుక్కబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు చేరి, మాత్రల డబ్బాను ఎవరి కంటా పడకుండా ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

మందు సీసాలకు అతికించే లేబుళ్లు ముద్రించే కంపెనీలో అతను ప్రూఫులు చూస్తాడు. అంకెల మధ్య చుక్క ఒకటి జారిపోతే మందు మోతాదే మారిపోతుంది. ఆ చుక్కల కోసం కళ్ళు చించుకోవడమే ఉద్యోగం కాబట్టి ఆఫీసులో ఆ పేరు పడింది. కొత్త మేనేజరు వచ్చాక కళ్ళతోపాటు కడుపు కూడా మండడం మొదలైంది. ఆయన ఫోన్ చేస్తే చాలు, చుక్కబాబు బాత్‌రూమ్ వైపు పరుగు తీసేవాడు.

"పేగులో వాపుంది," అని చెప్పింది డాక్టరమ్మ. "అసలు మందు మానకండి. దాంతోపాటు ఈ ప్రోబయాటిక్ మాత్రలు కూడా వేసుకుని చూడండి. మంచి బ్యాక్టీరియా అన్నమాట. కొందరికి పనిచేస్తాయి, కొందరికి చెయ్యవు. కానీ మీరు పొద్దస్తమానం ఇలా హడలిపోతూ ఉంటే వాపు తగ్గడం కష్టం. ఎవరికైనా చెప్పారా?"

"చెప్పుకునే జబ్బా అండీ?"

ఇంట్లో కూడా చెప్పలేదు. ఇంట్లో ఫ్రిజ్ అత్తగారి ఏలుబడిలో ఉంటుంది. అందుకే చల్లగా ఉంచాల్సిన ఆ మాత్రలు ఆఫీసుకు చేరాయి.

మధ్యాహ్నానికల్లా స్టోర్స్ చూసుకునే అక్క ఆ డబ్బా పట్టుకుని అతని బల్ల దగ్గరికి వచ్చింది. "ఇది నీదా తమ్ముడూ? పేగులకని రాసుంది."

చుట్టుపక్కల తలలన్నీ లేచాయి. చుక్కబాబు నోటికి మొదట దొరికిన మనిషి అత్తగారు. "మా అత్తగారివి. పాపం, ఆవిడకి పేగులో వాపు."

"మరి ఇక్కడెందుకున్నాయి?"

"ఇంట్లో ఫ్రిజ్ పాడైంది."

ఆ కబురు స్టోర్స్‌లో వాపుగా బయల్దేరి, కటింగ్ సెక్షన్‌లో పుండై, గేటు దగ్గరికి చేరేసరికి ఆపరేషన్ అయింది. మర్నాడు మేనేజరు ఫోన్ చేయగానే చుక్కబాబు ఎప్పటిలాగే పొట్ట పట్టుకుని పరుగెత్తాడు. ఇంటినుంచి ఏదో చెడ్డ కబురు వచ్చిందనుకుని అక్క కళ్ళు ఒత్తుకుంది. అతను పాలిపోయిన ముఖంతో తిరిగొచ్చేసరికి, మిగిలిన ప్రూఫులన్నీ ఆవిడ తన బల్ల మీదికి తీసుకెళ్ళిపోయింది. ఆ ఖాళీ బల్ల ముందు కూర్చోవడానికి అతనికి తల కొట్టేసినట్టయింది.

ఆదివారం ఇంటి గంట మోగింది. గుమ్మంలో మేనేజరు, స్టోర్స్ అక్క, వాళ్ళ వెనక పనిముట్ల సంచీతో ఆఫీసు ఏసీ మెకానిక్. తలుపు తీసినావిడ అప్పుడే బీరువాను ఒక్కతే పక్కకు జరిపి, చేతులు దులుపుకుంటూ వచ్చింది.

"చుక్కబాబు అత్తగారు లేచి తిరగ్గలుగుతున్నారా అండీ?" అని మేనేజరు గొంతు తగ్గించి అడిగాడు.

"అత్తగారిని నేనే."

మేనేజరు ఆవిడ భుజాలు చూశాడు. బడిలో ముప్పై ఏళ్ళు పిల్లల చేత వ్యాయామం చేయించిన భుజాలవి. ఆవిడ అల్లుడి వైపు చూసింది. వెల్లవేసిన గోడకు అతుక్కుని అతనూ గోడలాగే ఉన్నాడు. ఆవిడ మెల్లిగా పొట్ట మీద చెయ్యి వేసుకుని సోఫాలో కూలబడింది.

"మందు పడ్డాక కాస్త ఓపికొస్తుంది బాబూ. మళ్ళీ పోతుంది. రిటైరయ్యాక హాయిగా ఉందామనుకుంటే ఇదొకటి వచ్చిపడింది."

మెకానిక్ ఈలోగా వంటగదిలోకి వెళ్ళి, చక్కగా పనిచేస్తున్న ఫ్రిజ్‌ను విప్పడం మొదలుపెట్టాడు.

"ఎలా ఉంటుంది పిన్నిగారూ?" అని అక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మెలిపెట్టేసినట్టుంటుందమ్మా. చప్పుడు బయటికి వినపడకుండా కుళాయి తిప్పుకుని కూర్చోవాలి. బయటికొచ్చి ఏమీ లేనట్టు నవ్వాలి. ఆకలి లేదని పళ్ళెం ముందునుంచి లేచిపోవాలి."

చుక్కబాబు తల దించుకున్నాడు. అవన్నీ తను చేసినవే. ఇన్నాళ్ళూ తలుపు అవతల ఒక మనిషి అన్నీ వింటూనే ఉంది, ఒక్కనాడూ అడగలేదు.

"అన్నిటికన్నా ఆ మేనేజరు ఫోనొచ్చినప్పుడు చూడాలి," అని అత్తగారు ఊపులో కలిపేసింది.

"మీకు మేనేజరెవరండీ?" అన్నాడు మేనేజరు. "రిటైరయ్యానన్నారుగా."

వంటగదిలో ఏదో మరమేకు ఊడి నేలమీద దొర్లింది.

"ఆ పేగు నాదండీ," అన్నాడు చుక్కబాబు. తల ఎత్తకుండానే మాత్రల డబ్బా దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాడు.

"ఆవిడ కోసమనుకుని నీ పని చేశాను తమ్ముడూ," అంది అక్క చివరికి. "నీ కోసమైతే చెయ్యననుకున్నావా?"

మేనేజరు తన చెప్పులవైపు చూసుకుంటూ నిలబడ్డాడు. "నేను మరీ అంత గట్టిగా మాట్లాడతానా?" అని అడిగాడు. లేదని మొహమాటానికైనా ఎవరూ అనలేదు.

ఆ తర్వాత ఆయన ఫోన్లో గొంతు పెంచలేదు. మందులూ మాత్రలూ వేళకు పడుతున్నాయి. వాపు తగ్గుముఖం పట్టిందని డాక్టరమ్మ చెప్పింది కానీ, అందులో మాత్రల వాటా ఎంతో, మేనేజరు వాటా ఎంతో ఆవిడ కూడా తేల్చలేకపోయింది. చుక్కబాబుకు ఇప్పుడున్న ఇబ్బంది ఒక్కటే. రోజూ మీటింగ్ మొదలుపెట్టే ముందు మేనేజరు అందరి ఎదుటా, తల్లిలా మెత్తగా, "ఇవాళ సాఫీగా అయిందా బాబూ?" అని అడుగుతున్నాడు.