మేస్త్రి సైజు

ఆ రోజు ఉదయం బొమ్మలమ్మ భోజనాల బల్ల మీద మూడు టిఫిను పళ్లాలు వరసగా పేర్చి, వాటి ముందు నిలబడి మొగుడికి ఉపన్యాసం ఇస్తోంది.

"ఇదిగో, ఎడమచేతి పళ్లెం స్కూలువాళ్ల ఆర్డరు. మధ్య పళ్లెం నా డ్రాయింగు. కుడిచేతి పళ్లెం చెక్కల జాబితా. మూడూ ఒక్కసారే కళ్లముందుంటాయి. ఒకటి మూసి ఇంకోటి తెరవక్కర్లేదు. ఇంక తప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎలా ఉంది, చెప్పండి."

"బాగుంది. ఆ చెక్కల జాబితా నేను తినెయ్యనా? నాకు టైమైపోతోంది," అన్నాడాయన.

హాజరు పట్టీలో ఆమెకు వేరే పేరుంది గానీ, ఆ చెక్కసామాన్ల కార్ఖానాలో అందరికీ బొమ్మలమ్మే. కుర్చీ అయినా బీరువా అయినా ముందు ఆమె కంప్యూటర్లో బొమ్మగా పుట్టి, ఆ తర్వాతే షెడ్డులో చెక్కగా తేలాలి. పదకొండేళ్లపాటు ఆ పురుళ్లన్నీ పదమూడు అంగుళాల వెడల్పున్న ఒక పాత మానిటరు మీదే జరిగాయి. స్టూలు కాళ్లు నిలబెట్టి గీస్తే పాదాలు తెర కిందకి జారిపోయేవి కాబట్టి పాపం వాటిని పడుకోబెట్టి గీసేది. వంగి వంగి మెడ పట్టేసింది. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే కుర్చీతో సహా తిరగాల్సిన స్థితికి వచ్చింది.

ఏడాదిపాటు అడగ్గా అడగ్గా యజమాని పెద్ద మానిటరు తెప్పించాడు. ఇరవై ఎనిమిది అంగుళాల వెడల్పు. దాంతోపాటు ఒక మెలిక కూడా తెప్పించాడు.

"నెల రోజులు చూస్తానమ్మా. ఒక్క తప్పు రాకుండా గడిస్తే అది నీ బల్ల మీదే ఉంటుంది. తప్పొచ్చిందా, నా గదిలోకి వస్తుంది."

తనకెందుకో ఆయన చెప్పలేదు. మర్నాడే తన బల్ల మీద పూలకుండీ తీయించేశాడు. ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని బల్లని టేపుతో కొలుస్తుండగా బొమ్మలమ్మ కంట పడ్డాడు కూడా. అప్పట్నుంచి ఆమెకు ఆ మానిటరు తనది కాదు, తన దగ్గర దాచిన పరాయి సొత్తు అనిపించసాగింది. అయినా ఇరవై తొమ్మిది రోజులు గడిచాయి, తప్పు రాలేదు. మెడ నొప్పి తగ్గింది. ముప్ఫయ్యో రోజు ఇవాళ. పదిన్నరకి యజమాని స్వయంగా వచ్చి మానిటరు వాడకం చూస్తానన్నాడు. పళ్లాలతో రిహార్సలు అందుకే.

తొమ్మిదింటికల్లా కార్ఖానాకి చేరుకుని, ముందు షెడ్డులోకి వెళ్లింది. చిన్నపిల్లల బడి ఒకటి అరవై స్టూళ్లు అడిగింది. ఇవాళే పంపాలి. తన కొత్త మానిటరు మీద గీసిన మొదటి పెద్ద పని అది. అవి గోడవారగా మెరుస్తూ నిలబడి ఉన్నాయి. అరవై కాదు, అరవై రెండు. ఎన్ని అడిగినా రెండు ఎక్కువ చేయడం మేస్త్రి అలవాటు. చెక్కలో పగులొస్తే ఒకటి, తన మనసులో అనుమానమొస్తే ఒకటి.

బొమ్మలమ్మ మురిసిపోతూ ఒక దాని మీద కూర్చుంది. హాయిగా ఉంది. పాదాలు నేలకి చక్కగా ఆనాయి, నడుం నిటారుగా నిలిచింది. ఇంత సుఖమైన స్టూలు ఈ మధ్యకాలంలో చూడలేదనుకుంది. కాసేపు ఆ సుఖం అనుభవించాక ఆమె గభాల్న లేచింది. నాలుగేళ్ల పిల్లలు కూర్చోవలసిన స్టూలు మీద నలభై రెండేళ్ల మనిషికి ఈ సుఖం ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

"మేస్త్రిగారూ, దీని ఎత్తెంత?"

"పదిహేడు. వెంట్రుకవాసి తేడా లేదు," అన్నాడు మేస్త్రి గర్వంగా.

"నేను గీసింది పన్నెండండీ."

"ఏమో తల్లీ, నీ బొమ్మ ఎంతుంటే అంతే చేశా. నువ్వు భోజనానికెళ్లినప్పుడు ఎప్పట్లాగే వచ్చి, ఎప్పట్లాగే నీ తెర అద్దం మీద టేపు పెట్టి చూసుకున్నా."

ఆ 'ఎప్పట్లాగే'లోనే కొంప మునిగింది. మేస్త్రి కాయితం మీద అంకెలు చూసి పని చేసే మనిషి కాదు. బొమ్మ నిజం కొలతలో కళ్లముందుంటే దాని మీద టేపు పెట్టి, ఆ కొలతని ఒక సన్నటి కర్ర మీద గీటు పెట్టుకుని పోతాడు. ఆయన కోసమే బొమ్మలమ్మ ఏళ్ల క్రితం కంప్యూటర్లో ఒక మీట ఏర్పాటు చేసి దానికి 'మేస్త్రి సైజు' అని పేరు పెట్టింది. అది నొక్కితే బొమ్మలో అంగుళం, తెర మీద అచ్చంగా అంగుళమే ఉండేది. కానీ ఆ లెక్క పాత తెరకి సరిపెట్టింది. పెద్ద తెర మీద అదే మీట నొక్కితే పన్నెండు అంగుళాల కాలు పదిహేడు అంగుళాలకి సాగి హాయిగా పడుకుంది. తెర మార్చినప్పుడు మీట కూడా మార్చాలన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

"పక్కన పన్నెండని అంకె వేశాను కదండీ."

మేస్త్రి షెడ్డు కప్పు వంక చూశాడు. ఆయన అంకెలు చూడకపోవడం కాదు, ఆయనకి అంకెలు కనిపించవు; టేపు మీద కూడా గీట్లే లెక్కపెట్టుకుంటాడు. కళ్లజోడు పెట్టుకుంటే మేస్త్రి ముసలాడైపోయాడంటారని ఆయన భయం. ఆ సంగతి బొమ్మలమ్మకి ఎప్పుడో తెలుసు. తెలిసినట్టు ఆయనకి తెలియనివ్వలేదు, అంతే.

"పోనీ, నాలుగేళ్ల పిల్లలకి పదిహేడు అంగుళాలేంటని అనుమానం రాలేదా?"

"ఈ కాలం పిల్లలు ఎదుగుతున్నారు కదా అనుకున్నా."

"కాళ్లు కోసేద్దామా?"

"అయిదు అంగుళాలు కోస్తే కింది అడ్డపట్టీ కూడా పోతుంది. అయినా పై పలక చూడు. పిల్ల కూర్చోడానిక్కాదు, పడుకోడానికి సరిపోతుంది."

బొమ్మలమ్మ చెయ్యి మెడ మీదకి పోయింది. మెడ అప్పుడే నొప్పి మొదలెట్టింది. ఒక్కటే దారి. యజమాని చూసి వెళ్లేదాకా వీటిని పక్క గోడౌనులో దాచి, బడివాళ్లని వారం గడువడిగి, కొత్తవి చేయించడం. వ్యాను డ్రైవరు గేటు దగ్గర కనిపించాడు.

"అన్నా, ముందు ఇవి ఇక్కణ్ణుంచి తీసుకెళ్లిపో. సార్ వచ్చేలోగా షెడ్డు ఖాళీగా ఉండాలి," అని, గోడౌను సంగతి చెప్పబోయేంతలో యజమాని కారు హారను వినిపించింది. ఆమె లోపలికి పరుగెత్తింది.

డ్రైవరు బుద్ధిమంతుడు. ఎక్కడికని ఆమె చెప్పలేదు గానీ, జేబులో ఉన్న కాయితం చెప్పింది. బడి చిరునామా, అరవై స్టూళ్లు. లెక్కపెట్టి అరవై ఎక్కించుకుని వెళ్లిపోయాడు. మిగిలిన రెంటినీ ఏం చేయాలో తోచక మేస్త్రి చెరో చంకన పెట్టుకుని వచ్చి బొమ్మలమ్మ గదిలో దాచాడు. దాచడమంటే, మానిటరు ముందు పెట్టాడు.

యజమాని ముందు తన గదిలో పని చూసుకుని, పదిన్నరకి అక్కడికి వచ్చీ రాగానే వాటిలో ఒక దాని మీద కూర్చున్నాడు. "ఇదేదో బాగుందే," అన్నాడు.

బొమ్మలమ్మ పళ్లాలన్నీ గుర్తు తెచ్చుకుని మొదలుపెట్టింది. ఎడమపక్క ఆర్డరు, ఎత్తు పన్నెండు. మధ్యన డ్రాయింగు, ఎత్తు పన్నెండు. కుడిపక్క చెక్కల జాబితా, అందులోనూ పన్నెండే. మూడు పన్నెండ్లూ పక్కపక్కన చల్లగా నవ్వుతున్నాయి. ఆ గదిలో అబద్ధమాడనివి అవి మాత్రమే అనిపించి ఆమెకు సిగ్గేసింది.

"ఒక్క తప్పు లేదు. అక్షరాలు కూడా ఎంతేసి ఉన్నాయో," అని యజమాని తెర వంక ఆశగా చూసి నిట్టూర్చాడు. "సరేనమ్మా, మాటంటే మాటే. ఇది నీ..."

ఆయన ఫోను మోగింది. బడి ప్రిన్సిపాలమ్మ. "స్టూళ్లు వచ్చాయండీ. మీరు ఒకసారి వెంటనే రాగలరా? ఆ గీసినావిణ్ణి, చేసినాయన్ని కూడా తీసుకురండి."

"చూశారా, పిలిచి మెచ్చుకుంటున్నారు," అన్నాడు యజమాని లేస్తూ.

స్టూళ్లు గోడౌనుకి వెళ్లలేదని బొమ్మలమ్మకి అప్పుడు తెలిసింది. కారులో వెనకసీట్లో తనూ మేస్త్రీ నోరు మెదపకుండా కూర్చున్నారు. ముందుసీట్లో యజమాని దారిపొడవునా పెద్ద మానిటర్ల గొప్పతనం గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఏం బావా, మాట్లాడవేం?" అన్నాడు మధ్యలో. మేస్త్రి ఆయన భార్యకి అన్న. షెడ్డులో మేస్త్రి, మిగతా చోట్లంతా బావ. అందుకే ఆయన్ని కోప్పడటం యజమానికి ఇంటా బయటా కుదరని పని.

"ఎండగా ఉంది బావా," అన్నాడు మేస్త్రి.

బడి వరండాలో ఒక స్టూలుని ముగ్గురు పిల్లలు కలిసి ఎక్కే ప్రయత్నంలో ఉన్నారు. ఇద్దరు తోస్తున్నారు, మూడోవాడు పొట్ట మీద వేలాడుతున్నాడు. యజమాని నడక ఆగిపోయింది. ప్రిన్సిపాలమ్మ గంభీరంగా ఎదురొచ్చింది.

"ఇవి పిల్లల కోసం చేసినవేనా?"

ఇంక దాచడం బొమ్మలమ్మ వల్ల కాలేదు. "తప్పు నాదేనండీ. పన్నెండు ఉండాల్సింది పదిహేడయింది. తెర మారింది, నేను లెక్క మార్చలేదు. పొద్దున్నే తెలిసి కూడా సార్‌కి చెప్పలేదు. వారంలో కొత్తవి ఇస్తాం," అంది ఒక్క ఊపిరిలో. టేపు మాట, మేస్త్రి మాట ఎత్తలేదు.

"అయ్యో, ఎందుకు వెనక్కిస్తాను? ఇటు రండి," అని ప్రిన్సిపాలమ్మ తలుపు తీసింది. లోపల తల్లిదండ్రుల సమావేశం జరుగుతోంది. యాభై మందికి పైగా పెద్దవాళ్లు స్టూళ్ల మీద కుదురుగా కూర్చుని, టీచర్లు చెప్పేది శాంతంగా వింటున్నారు. "పద్నాలుగేళ్లుగా తల్లిదండ్రుల్ని పిల్లల స్టూళ్ల మీద కూర్చోబెడుతున్నానండీ. మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే ఎవరికైనా కోపం రాదూ? ఇవాళ మొదటిసారి ఎవరూ నా మీద అరవలేదు. ఇవి మాకే ఉంచండి. పిల్లలకి ఇంకో అరవై చేసివ్వండి."

బొమ్మలమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. యజమాని మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"ఆర్డరు రెట్టింపయింది, సంతోషం. కానీ తప్పు తప్పేనమ్మా. పైగా దాచావు. మానిటరు నా గదికి వచ్చేస్తుంది."

ఆమె తల ఊపింది. మెడ కలుక్కుమంది. అప్పుడు మేస్త్రి ముందుకొచ్చాడు.

"తప్పు నాది బావా. పన్నెండని పక్కనే రాసింది. అద్దం మీద టేపు పెట్టి కొలిచింది నేను. నాకు అంకెలు కనిపించి మూడేళ్లయింది. ఆ పిల్ల నా పరువు కాపాడదామని నోరు విప్పట్లేదు."

"మూడేళ్లుగా కళ్లు కనిపించకుండానే రంపం పడుతున్నావా బావా?"

"రంపం కనిపిస్తుంది. అంకెలే కనిపించవు."

ఇంతలో ప్రిన్సిపాలమ్మ కొత్త ఆర్డరు కాయితం తెచ్చి, చదివి సంతకం పెట్టమంది. యజమాని కాయితాన్ని కాస్త దూరం జరిపాడు. ఇంకాస్త జరిపాడు. ఆయన చెయ్యి అయిపోయింది గానీ అక్షరాలు కుదుటపడలేదు. "బావా, నువ్వొకసారి చూడు," అన్నాడు. మేస్త్రి దాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, బొమ్మలమ్మకి అందించాడు. అక్కడ కళ్లజోడున్నది ఆమెకొక్కదానికే. ఆమె పైకి చదివింది.

చదివి, కాయితం దించి, నెమ్మదిగా అడిగింది. "సార్, మీకు ఆ పెద్ద మానిటరు దేనికి?"

"ఈ మధ్య ఉత్తరాలన్నీ చీమల బారుల్లా వస్తున్నాయమ్మా," అన్నాడు యజమాని. "జోడు పెట్టుకుంటే వీడు నవ్వుతాడు."

"నేనా? నువ్వు నవ్వుతావనే కదా నేను పెట్టుకోనిది," అన్నాడు మేస్త్రి.

"కళ్లజోళ్ల కొట్టు మా వీధి చివరే ఉంది," అంది ప్రిన్సిపాలమ్మ.

బావలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ముందు నువ్వు పద," అన్నాడొకడు. "నువ్వే ముందు," అన్నాడు రెండోవాడు. కొట్టు వైపు ఎవరూ కదల్లేదు, ఇద్దరూ వెళ్లి కారెక్కారు.

మానిటరు బొమ్మలమ్మ బల్ల మీదే ఉండిపోయింది. ఫోను మోగి సగంలో ఆగిన ఆ మాట యజమాని నిలబెట్టుకున్నాడు. కాకపోతే రోజూ పదింటికి ఆ మిగిలిన స్టూళ్లు రెండూ ఆమె కుర్చీకి అటొకటి ఇటొకటి చేరతాయి. తెర ఎడమ మూడోవంతులో యజమాని ఉత్తరాలు గోళీలంతేసి అక్షరాలతో తెరుచుకుంటాయి, కుడి మూడోవంతులో మేస్త్రి అంకెలు గుమ్మడికాయలంతేసి నిలబడతాయి. ఇద్దరూ హాయిగా, నడుం నిటారుగా కూర్చుని సాయంత్రం దాకా కదలరు. ఒకరోజు బొమ్మలమ్మ మేస్త్రి చేతిలో టేపు తీసుకుని మధ్యలో తనకి మిగిలిన వాటా కొలిచి చూసుకుంది. తొమ్మిది అంగుళాలుంది, పాత మానిటరు కన్నా నాలుగు తక్కువ.