వైశాలి నగర్ నుంచి సింగపూర్‌కు

"ఏడాదికి ఒక్కసారైనా విహారయాత్రకు వెళ్లని కుటుంబం కుటుంబమే కాదు. అది షిఫ్టు!"

ఈ మహావాక్యాన్ని సింహాద్రి ఏప్రిల్ నెల మొదటి ఆదివారం, భిలాయి వైశాలి నగర్‌లోని తన ఇంటి హాల్లో, ఉప్మా తింటూ ప్రకటించాడు. స్టీలు ప్లాంటులో రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో పదహారేళ్లుగా మూడు షిఫ్టులూ చేస్తున్నవాడు కాబట్టి ఆ మాటకు అనుభవ బలం ఉంది.

శ్రోతలు నలుగురు. భార్య భాగ్యరేఖ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. కూతురు శ్రీవిద్యకు ఆరేళ్లు, కొడుకు కౌండిన్యకు నాలుగు. ఈ కౌండిన్య అనే పేరు సింహాద్రి ఒక పూజలో పురోహితుడి నోట విని, అర్థం అడక్కుండా, మోతకు ముచ్చటపడి పెట్టుకున్నాడు. నాలుగో శ్రోత తండ్రి అప్పలకొండ. అదే ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసి రిటైరయ్యాడు. విజయనగరం పక్క పల్లె నుంచి భిలాయి వచ్చి నలభై ఐదేళ్లయినా ఆయన మాట మాత్రం ఇంకా రైలు దిగలేదు.

"ఏటి, ఎక్కడికెల్దావంతావు? పక్కూరు ఉతైలో మన బలరాం ఇంటికా?" అన్నాడు అప్పలకొండ.

"సింగపూర్! పెద్ద థీమ్ పార్కు! పిల్లల సర్వతోముఖాభివృద్ధికి!"

పిల్లల అభివృద్ధికి ఎన్ని ముఖాలున్నాయో గానీ, అందులో ఒకటి మాత్రం లక్ష్మీప్రసాద్ ముఖం. ఆయన తెలుగు మిత్రమండలి కార్యదర్శి. పోయిన వేసవిలో సకుటుంబంగా దుబాయి వెళ్లివచ్చాడు. ఉన్నది ఐదు రోజులు. కానీ అప్పటినుంచీ "మేం దుబాయిలో ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టకుండా మంచినీళ్లు కూడా అడగడం లేదు. ఆ మాట విన్నప్పుడల్లా సింహాద్రి కడుపులో ఒక ఫర్నేసు వెలిగేది.

వెంటనే యాత్రా ప్రణాళికా సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు సింహాద్రి. సభ్య కార్యదర్శి భాగ్యరేఖ. అంటే ఆయన సంతకం పెడతాడు, ఆవిడ పని చేస్తుంది. ఒక ఫైలు తెరిచారు. మొదటి సమావేశంలోనే, వంద సెంటీమీటర్ల ఎత్తు లేని పిల్లల్ని పెద్ద రైడ్లు ఎక్కించరని తేలింది. కౌండిన్యను గోడకు ఆనించి టేపు పెట్టారు. తొంభై ఆరు.

"నెల టైముంది. పాలు పెంచు!" అని అధ్యక్షుడు ఆదేశించాడు.

"నాలుగు సెంటీమీటర్లు నెల్లో పెరగడానికి వాడు సొరకాయా?" అంది కార్యదర్శి.

ఆ అసమ్మతి ఫైల్లో నమోదు కాలేదు.

ఇక టిక్కెట్లు కొనాలి, పాస్‌పోర్టులు తీసుకోవాలి. కానీ సింహాద్రి ఆ చిన్న పనులు పక్కనపెట్టి ముందు ముఖ్యమైన పని చేశాడు. ఊరంతా చెప్పాడు. మిత్రమండలి వారి శ్రీరామనవమి సభలో ఆయనకు శాలువా కప్పారు. అధ్యక్షులు యజ్ఞనారాయణ గారు ప్లాంటులో పెద్ద ఆఫీసరు, పెద్ద మనిషి, పెద్ద గొంతు. ఆయన మైకు ముందు కళ్లు మూసుకుని, "సోదరుడు సింహాద్రి విదేశాలకు వెళ్తున్నాడు. నేను మాత్రం నా లోపలికి వెళ్తున్నాను. ఈ మే నెలలో రుషీకేశంలో ఐదు రోజులు మౌన దీక్ష!" అని మౌనం గురించి ముప్పావు గంట మాట్లాడారు. మహిళా విభాగం కన్వీనరు రజనీకుమారి ఇటీవలే బ్యాంకాక్ చూసివచ్చిన అనుభవజ్ఞురాలు. "అక్కడి చాక్లెట్లు మర్చిపోకండి, అన్నయ్యా!" అని ఒట్టు వేయించుకుంది.

ఆ మర్నాడు పాస్‌పోర్టు కోసం పిల్లల పుట్టిన తేదీ పత్రాలు ట్రంకుపెట్టెలోంచి తీశారు. కొడుకు పత్రం చదివి సింహాద్రి కూలబడ్డాడు.

"నాన్నా! ఇదేటిది?"

"ఏటుంది? పేరు."

"కొండయ్య అని ఉంది!"

"మరేటుంతాది? పురిటికి నువ్వు డ్యూటీలో ఉంటే నానే కదా రాయించినాను. ఆ కౌంటర్లో బాబు ‘నామ్ బోలో, నామ్ బోలో’ అని తొందర పెట్టేసినాడు. నువ్వు సెప్పిన పేరుకి నాకు నోరు తిరగనేదు. కొండయ్యంటే బాగోనేదా? మీ తాత పేరు!"

నాలుగేళ్లుగా ఆయన మనవణ్ణి ‘కొండిగా’ అని పిలుస్తుంటే అది ముద్దుపేరనుకున్నారు. అది ప్రభుత్వం వారు ధ్రువీకరించిన పేరు!

"పోనీ కొండయ్య పేరుతోనే పాస్‌పోర్టు తీసుకుందాం. టైముకి వచ్చేస్తుంది," అంది భాగ్యరేఖ.

"విమానంలో ‘మాస్టర్ కొండయ్యా’ అని పిలిస్తే నా పరువేం కాను?"

పరువు కాపాడటానికి పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాడు. పేరు మారాలంటే ప్రకటన వెయ్యాలి, ప్రమాణపత్రం రాయాలి, మళ్లీ కాపీలు జతచెయ్యాలి. మే నెల వచ్చింది. ఎండ నలభై నాలుగు దాటింది. పాస్‌పోర్టు మాత్రం రాలేదు.

"రాలేదని చెప్పేద్దామండీ. ఎవరూ ఏమీ అనుకోరు," అంది భాగ్యరేఖ.

"శాలువా కప్పించుకున్నాను, భాగ్యం! కప్పిన శాలువా తిరిగి ఇవ్వడానికి రూల్సు లేవు."

ఆ రాత్రికి రాత్రే ఆయన ఫైల్లో గమ్యం కొట్టేసి కొత్తది రాశాడు. రాయపూర్ దాటాక ఒక నీళ్ల పార్కు ఉంది. జారుడుబల్లలు, అలల కొలను, పిల్లల రైలు, పక్కనే లాడ్జి. అక్కడ ఐదు రోజులు.

"అంటే అందరికీ అబద్ధం చెబుతామా?"

"అబద్ధం కాదు. గమ్యంలో పరిపాలనాపరమైన మార్పు. అది బయటికి చెప్పకపోవడం గోప్యత."

"పిల్లలకో?"

సింహాద్రి ఫైలు మూశాడు. "పిల్లల నోట్లో గోప్యత నిలవదు. వాళ్లకీ సింగపూరే," అన్నాడు.

భాగ్యరేఖ ఆ రోజు మళ్లీ మాట్లాడలేదు. యజ్ఞనారాయణ గారికంటే ముందే మౌన దీక్ష ఆవిడ మొదలుపెట్టింది.

బయలుదేరిన రోజు వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. రజనీకుమారి ఎదురొచ్చింది. టాక్సీ రాయపూర్ విమానాశ్రయం ముందు ఆగింది. సింహాద్రి కుటుంబాన్ని సూట్‌కేసులతో వరసగా నిలబెట్టి ఫోటో తీయించి మిత్రమండలి గ్రూపులో పెట్టాడు.

"ఫ్లైట్ కిత్నే బజే హై, భయ్యా?" అని డ్రైవరు మనోజ్‌కుమార్ అడిగాడు.

"ఫోటో అయిపోయింది కదా. గాడీ మోడో!"

మనోజ్‌కుమార్ ఎందరినో విమానాశ్రయానికి చేర్చాడు గానీ విమానాశ్రయం నుంచి విమానం ఎక్కకుండా తీసుకుపోవడం అదే మొదటిసారి. ఏసీ చల్లదనానికి పిల్లలిద్దరూ నిద్రపోయారు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా రంగురంగుల గోపురాలు, నీళ్ల చప్పుడు, పిల్లల కేరింతలు.

"సింగపూర్ ఆ గయా?" అన్నాడు కౌండిన్య కళ్లు నులుముకుంటూ.

"ఆ గయారా కొండిగా, దిగు," అన్నాడు తాత.

శ్రీవిద్య మాత్రం దిగకుండా ఆలోచిస్తోంది. "పాపా, ప్లేన్ ఎప్పుడెక్కాం?"

"మీరు నిద్రపోయారు కదమ్మా!"

"ఇక్కడ అందరూ హిందీయే మాట్లాడుతున్నారేంటి?"

"మనలాంటి టూరిస్టుల కోసం నేర్చుకున్నారు."

"ఔర్ గుప్‌చుప్ భీ?" గేటు పక్క పానీపూరీ బండి మీద పూరీలు పేర్చి ఉన్నాయి.

"అదీ నేర్చుకున్నారు."

భాగ్యరేఖ ముఖం పక్కకు తిప్పుకుంది. కోపంతోనో నవ్వుతోనో సింహాద్రికి తెలియలేదు.

నిజం చెప్పుకోవాలంటే, ఆ సింగపూర్ చాలా బాగుంది. చిన్నపిల్లల జారుడుబల్లకు తొంభై సెంటీమీటర్లు చాలు. కౌండిన్య మొదటిరోజే పదకొండుసార్లు జారాడు. భాగ్యరేఖ చీర కొంగు బిగించి అలల కొలనులోకి దిగి, మొదటి అలకే పెళ్లినాటి నవ్వు నవ్వింది. లెక్కల టీచరు అలా నవ్వగలదన్న సంగతి సింహాద్రి మర్చిపోయి ఎనిమిదేళ్లయింది. రెండో రోజుకు ఆయన తాను విదేశంలో ఉన్నానన్న సంగతీ మర్చిపోయాడు. బండివాడితో గుప్‌చుప్ పులుపు గురించి వాదించాడు కూడా.

మూడో రోజు, పెద్ద జారుడు గొట్టం కింద మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఉండగా, పైనుంచి ఒక ఆర్తనాదం వినిపించింది.

"అమ్మో! చచ్చానే మీనాక్షీ!"

ఇంత స్వచ్ఛమైన తెలుగు ఇక్కడెవరిదా అనుకునేలోగా, పసుప్పచ్చ ట్యూబులో ఒక భారీ కాయం గొట్టంలోంచి ఊడిపడి సింహాద్రి కాళ్ల దగ్గర ఆగింది. పువ్వుల నిక్కరు. నుదుట విభూతి కొట్టుకుపోగా మిగిలిన ఒకే ఒక గీత. యజ్ఞనారాయణ గారు!

వెనకే ఆయన భార్య మీనాక్షి గారు మరో ట్యూబులో, పల్లకీలో వచ్చినంత నింపాదిగా దిగారు.

గొట్టంలోంచి నీళ్లు పడుతూనే ఉన్నాయి.

"సార్... మౌన దీక్ష?" అన్నాడు సింహాద్రి.

యజ్ఞనారాయణ గారు ముఖం తుడుచుకున్నారు. "విరామం," అన్నారు. తర్వాత, పెద్ద మనిషి కాబట్టి, తేరుకుని అడిగారు. "సింగపూర్ ఎలా ఉంది?"

"తడిగా ఉంది, సార్."

మీనాక్షి గారు ట్యూబు మీద వాలిపోయి నవ్వారు. "ఏటా వస్తాం, నాయనా. పోయినేడు కేదార్‌నాథ్ వెళ్లాం కదా, అదీ ఇక్కడే. ఈయన ఆఫీసరు, అధ్యక్షుడు. జారుడుబల్ల సరదా అని నలుగురిలో చెప్పుకోలేరు పాపం!"

అక్కడికక్కడే, నీళ్లలోనే, ఉభయపక్షాల మధ్య ఒప్పందం కుదిరింది. ఎవరూ ఎవరినీ చూడలేదు. చూసినా గుర్తుపట్టలేదు. ఒప్పందం మీద ఎవరూ సంతకం పెట్టకముందే కౌండిన్య వచ్చి యజ్ఞనారాయణ గారి వేలు పట్టుకున్నాడు.

"మోటా తాతా, ఫిర్ సే! మళ్లీ జారండి!"

అంతే. మిగతా రెండు రోజులూ ఆ లావు తాతగారు పిల్లల సొత్తయిపోయారు. ప్లాంటులో ముప్పయ్యేళ్లు ఒకే గేటులోంచి వెళ్లినా ఒకరి పక్కన ఒకరు కూర్చోని ఆఫీసరూ, కోక్ ఓవెన్ల అప్పలకొండా రెండు ట్యూబుల్లో పక్కపక్కన తేలుతూ, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకున్నారు.

చివరి సాయంత్రం శ్రీవిద్య తడి జుట్టుతో వచ్చి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. "సింగపూర్ బెస్ట్ హై, పాపా! హర్ సాల్ ఆయేంగే, ఏటా వద్దాం!"

పిల్ల వెళ్లాక భాగ్యరేఖ మెల్లగా అంది. "రాయపూర్ అని చెప్పినా ఇలాగే వాటేసుకునేదండీ."

సింహాద్రి దగ్గర దీనికి ఏ ఫైలూ లేదు. తిరిగి వెళ్లాక నిజం చెప్పేద్దామని గట్టిగా నిశ్చయించుకున్నాడు. ఆ నిశ్చయం భిలాయి దాకా చెక్కుచెదరలేదు. వైశాలి నగర్ మలుపులో ‘విదేశీ యాత్రానుభవ సభ’ అన్న బ్యానరు కనిపించాక చెదిరింది.

సభ కిక్కిరిసింది. రాయపూర్ బజారులో కొన్న సింగపూర్ చాక్లెట్లు పంచారు. యజ్ఞనారాయణ గారు పట్టుపంచెలో, అంతర్ముఖంగా, అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు. సింహాద్రి లేచి విదేశాల్లో పరిశుభ్రత గురించి పది నిమిషాలు మాట్లాడాడు. చెమటలు తుడుచుకుని కూర్చోబోతుంటే రజనీకుమారి చప్పట్లు కొట్టింది.

"ఇప్పుడు చిన్నారి శ్రీవిద్య మాట్లాడుతుంది!"

శ్రీవిద్య మైకు పట్టుకుంది.

"సింగపూర్‌లో ఛోటీ ట్రైన్ ఉంది. అది టన్నెల్ లోపల ఆగిపోతుంది. అప్పుడు అంకుల్ ‘ఉతరో, ధక్కా మారో’ అంటాడు. అందరూ దిగి తొయ్యాలి. పాపా తోశాడు. మోటా తాతా కూడా తోశారు." అంటూ అధ్యక్ష స్థానం వైపు వేలు చూపించింది.

యజ్ఞనారాయణ గారు పైకప్పు వైపు చూశారు. మినిట్సు రాసుకుంటున్న లక్ష్మీప్రసాద్ తలెత్తాడు. ఉద్వేగంలో సభా మర్యాద తెలుగు జారిపోయి సొంత తెలుగు బయటపడింది.

"ఇంకా ఆ రైలు బాగుసెయ్యనేదేటి? మేం దుబాయెల్లినప్పుడూ నానే తోసినాను!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. కానీ అప్పటికే రజనీకుమారి ఉండబట్టలేకపోయింది.

"వెనకనుంచి తోస్తే కదలదన్నయ్యా! పక్కన కడ్డీ ఉంటుంది, అది పట్టుకుని..." అని చేత్తో చూపిస్తూ, గాలిలో కడ్డీ పట్టుకున్నట్టే ఆగిపోయింది. బ్యాంకాక్ ఆ చేతిలో వేలాడుతోంది.

వెనక వరసలోంచి ఎవరో, "సొరంగంలోనా, వంతెన దగ్గరా? మాకు వంతెన దగ్గర ఆగింది," అన్నారు. ఆ పక్కవారు, "మాకు రెండు చోట్లా!" అన్నారు.

మొదట నవ్వింది అప్పలకొండ. తర్వాత భాగ్యరేఖ. ఆ తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. సింహాద్రి కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఇరవై రోజులుగా భుజాల మీద మోస్తున్న బరువేదో దిగినట్టయింది. నవ్వుతూనే కూతుర్ని ఎత్తుకుని చెవిలో, "అది రాయపూరమ్మా," అన్నాడు. పిల్ల ఏమాత్రం తొణకలేదు. "అచ్ఛా! దగ్గరే కదా! అయితే సండే వెళ్దాం," అంది.

అధ్యక్షులు లేచి బల్ల మీద చరిచారు. విషయం సున్నితమైనది కాబట్టి వెంటనే ఒక తీర్మానం అవసరమన్నారు. చర్చ జరగలేదు. చేతులు మాత్రం అన్నీ లేచాయి. లక్ష్మీప్రసాద్ గుండ్రని అక్షరాలతో మినిట్సు రాసి చదివి వినిపించాడు:

"శ్రీ సింహాద్రి గారి సింగపూర్ విశేషాలను సభ్యులందరూ స్వానుభవంతో ధ్రువీకరించారు. వచ్చే ఆదివారం మిత్రమండలి తరఫున సభ్యులు సకుటుంబంగా సింగపూర్ వెళ్లాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. బస్సు ఉదయం ఏడింటికి బయలుదేరి సాయంత్రం ఏడింటికి తిరిగి వచ్చును. పులిహోర ఎవరిది వారే తెచ్చుకోవలెను."