పదకొండు పెట్టెల ప్రస్థానం

నాకు చిన్నప్పటి నుంచీ ఒక సందేహం ఉంది. ప్రయాణం రోజున మంచి ముహూర్తం లేకపోతే, ముహూర్తం ఉన్న రోజునే మన పెట్టెను తీసుకెళ్లి పక్కింట్లో పెడతాం. దీన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. పెట్టె గడప దాటింది కనుక మనిషి బయలుదేరినట్టే లెక్క. ఆ తర్వాత ఇంట్లోనే తిని, ఇంట్లోనే పడుకుని, మూడో రోజు తాపీగా బస్సెక్కినా దోషం లేదు. నా సందేహమల్లా ఒకటే. పెట్టె వెళ్లాక మనిషి వెళ్లకపోతే ఆ ప్రయాణం జరిగినట్టా, జరగనట్టా?

ప్రతి సోమవారం కోటప్పకొండ ఎక్కి దండం పెట్టుకుని వచ్చే మనిషిని. శాస్త్రాన్ని శంకించేంత చదువు నాకు లేదు. ఇంటర్ తప్పి, మా ఊరి పత్తి రైతుల సంఘంలో సెక్రటరీగా చేరి ఇరవై ఆరేళ్లయింది. అడగవలసిన వాళ్లను అడగటానికి మొహమాటపడి ఊరుకున్నాను. మొన్న కార్తీకంలో మా సంఘం వారు ఈ సందేహాన్ని సంపూర్ణంగా తీర్చారు.

నూజెండ్ల మండలంలో పత్తికి గులాబీ రంగు పురుగు పడుతున్నందున, దాని నివారణ పద్ధతులను మధ్య ఆఫ్రికాలోని కామెరూన్ దేశానికి వెళ్లి స్వయంగా పరిశీలించాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కామెరూనే ఎందుకని మీరు అడగవచ్చు. పక్క మండలం సంఘం వారు మలేసియా వెళ్లొచ్చి సెంటర్లో ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టుకున్నారు. దానికి దీటుగా ఫ్లెక్సీ కట్టాలంటే అంతకంటే దూరమైన, అంతకంటే ఎవరికీ తెలియని దేశం కావాలి. ప్రెసిడెంటు లక్ష్మీనరసయ్య గారు దూరదృష్టి గలవారు.

బృందంలో పదకొండు మంది. ప్రెసిడెంటు గారి వర్గం నుంచి ఐదుగురు, ఎదుటి వర్గం నుంచి ఐదుగురు, పైన ప్రెసిడెంటు గారు. వీరిలో సొంతంగా పత్తి వేసినవారు ఒక్కరూ లేరు. అందరూ పొలాలు కౌలుకిచ్చారు. అందువల్ల పురుగును నిష్పక్షపాతంగా పరిశీలించే అర్హత వారికే ఉందని సభ్యులు భావించారు.

నరసరావుపేటలో ట్రావెల్స్ నడిపే జమీర్ వచ్చి వివరించాడు. అక్కడ వానలు అక్టోబరుతో ఆగిపోతాయి, పండగ రద్దీ డిసెంబరు నడుమ మొదలవుతుంది, మధ్యలో నవంబరు ఆఖరు రోజులు అటూ ఇటూ కాని కాలం, దాన్నే షోల్డర్ సీజన్ అంటారు, టిక్కెట్లు సగం ధరకు దొరుకుతాయి, దారులు ఆరిపోయి ఉంటాయి, చేలో పత్తి విచ్చి ఉంటుంది అన్నాడు. సభ్యులు చివరి రెండు సంగతులను అంతగా పట్టించుకోలేదు. సగం ధర అన్నమాటకు మాత్రం చప్పట్లు కొట్టారు.

ఎల్లో ఫీవర్ సూది తప్పనిసరి అని కూడా జమీర్ చెప్పాడు. సూది లేకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఇచ్చే ఏర్పాటు ఉందా అని ముగ్గురు సభ్యులు విడివిడిగా, ఎవరికి వారు రహస్యంగా, అతనికి ఫోన్ చేశారు.

ఈ లోపు మా సంఘం ఆఫీసుకు కాలేబు వచ్చాడు. కాలేబు మా ఊరి బోరు మెకానిక్కు. ఊళ్లో కామెరూన్ చూసినవాడు అతనొక్కడే. బోర్లు వేసే కంపెనీ తరఫున వెళ్లి, గరువా అనే ఊళ్లో ఆరేళ్లు పనిచేశాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు గనుక అతన్ని సలహా అడగాలని ఎవరికీ తోచలేదు.

"నన్ను కూడా తీసుకుపోండయ్యా. వంట చేస్తా. వాళ్ల మాటలు కొద్దిగా వచ్చు, మీకు చెప్తా ఉంటా" అన్నాడు.

"నువ్వు చూసినోడివేగదరా," అన్నారు ప్రెసిడెంటు గారు. "చూడనోళ్లకి అవకాశం ఇయ్యాల. ప్రజాస్వామ్యం అంటే అదే. అయినా మాటలెందుకు? శాలువా కప్పామంటే ఏ దేశమోడికైనా అర్థమవుద్ది."

"అక్కడ సింహాలు రోడ్డు మీదికొస్తయ్యంటగా?" అని ఒక సభ్యుడు ఆసక్తిగా అడిగారు.

"ఆరేళ్లలో నేను చూళ్లేదయ్యా. కుక్కలొస్తయ్, మన కుక్కల్లాగే. మనుషులూ అంతే. పత్తి తీసేవాళ్ల వేళ్లు మనోళ్ల వేళ్లలాగే చీలి ఉంటయ్."

ఈ సమాధానం సభ్యులకు నచ్చలేదు. అంత దూరం వెళ్లి చూడవలసినంత తేడా అందులో వారికి కనిపించలేదు.

అప్పుడు కాలేబు సంచిలోంచి ఒక దుప్పటి తీశాడు. ఊదారంగు మీద తెల్ల చారలు, చేత్తో నేసినది. గరువాలో అతను ఆయిస్సాతు అనే ఆమె ఇంట్లో అద్దెకుండేవాడు. ఆఖరి సంవత్సరం మలేరియా వచ్చి మంచం పడితే ఆమె నలభై రోజులు గంజి కాచి పోసింది. జ్వరం పూర్తిగా తగ్గకుండానే కంపెనీ వాళ్లు తిరుగు టిక్కెట్టు చేతిలో పెట్టారు. విమానంలో చలేస్తుందని ఆమె తన దుప్పటి తీసి కప్పి, మళ్లీ వచ్చేటప్పుడు తెచ్చివ్వమంది. కంపెనీ మూతబడింది. మళ్లీ వెళ్లటం పడలేదు. పందొమ్మిదేళ్లయింది.

"ఆమె మనవడు ఫోన్లో మాట్లాడతా ఉంటాడు. ముసలామెకి చూపు ఆనట్లేదంట. ఈ చలికాలం దాటుద్దో లేదో అంటున్నాడు. పోస్టులో పారేసినట్టు పంపటం ఇష్టంలేక ఇన్నాళ్లూ ఉంచుకున్నా. మీ చేతులతో ఇస్తే చాలు. కిలోన్నర, అంతే."

ఈ అంశంపై సభ్యులు ముప్పావు గంట చర్చించారు. మనిషికి ఇరవై మూడు కిలోలే అనుమతి. అందులో గోంగూర పచ్చడి, పండుమిరప పచ్చడి, 'కామెరూన్‌లో పల్నాడు' అనే ఫ్లెక్సీ, కనిపించిన వారికల్లా కప్పటానికి అరవై శాలువాలు పోగా చోటు లేదు. చివరకు పచ్చడి సీసాలు పగలకుండా చుట్టటానికి మెత్తటి గుడ్డ ఎలాగూ కావాలి గనుక, మానవతా దృక్పథంతో దుప్పటిని ప్రెసిడెంటు గారి పెట్టెలోకి అనుమతించారు.

ఇక ముహూర్తం. పదకొండు మంది జన్మనక్షత్రాలకూ సరిపడే ముహూర్తం విమానం రోజుకు పది రోజుల ముందు ఒక్కటే దొరికింది. ఆ తర్వాత శుక్ర మూఢం. మామూలు ప్రయాణానికి మూఢం అడ్డం కాదని పూజారి గారు చెప్పబోయారు. "ఇది మామూలు ప్రయాణమా పంతులు గారూ?" అని ప్రెసిడెంటు గారు అడిగేసరికి ఆయన పంచాంగం మూసేశారు. కాబట్టి ప్రస్థానం. రాజుకు పది రోజులు, సామంతుడికి ఏడు, సామాన్యుడికి ఐదు రోజులు ప్రస్థానం చెల్లుతుందని శాస్త్రంలో ఉందట. పదకొండు మందీ తమను మొదటి కోవలో చేర్చవలసిందిగా కోరారు.

రెండు వర్గాలకూ చెందని ఇల్లు ఊళ్లో మాదొక్కటే. ఉదయం తొమ్మిదీ పన్నెండుకు డప్పులతో పదకొండు పెట్టెలు మా వసారాలోకి వచ్చాయి. పసుపు రాసి, బొట్టు పెట్టి, పసుపుతాడు కట్టి, కొబ్బరికాయలు కొట్టారు. బృందం కామెరూన్ బయలుదేరిందన్న వార్త మరునాడు పేపర్లో ఫొటోతో సహా వచ్చింది.

పెట్టెలు వచ్చిన సాయంత్రమే జమీర్ పరుగెత్తుకొచ్చాడు. "పాస్‌పోర్టులు ఇవ్వండి సార్, వీసాకు ఇవాళే ఆఖరు" అన్నాడు. నెల నుంచీ అడుగుతూనే ఉన్నాడు. ముందు ఏ వర్గం ఇస్తే ఆ వర్గం తగ్గినట్టని రెండు వర్గాలూ ఆగాయి. పాస్‌పోర్టులు భద్రంగా పెట్టెల్లో, బట్టల అడుగున ఉన్నాయి. ప్రస్థానం పెట్టిన పెట్టెను ముందుగా ఎవరు తెరిస్తే అపశకునం వారికే చుట్టుకుంటుంది. వాళ్లు తెరిస్తే మేం తెరుస్తామని వీళ్లు, వీళ్లు తెరిస్తే మేం తెరుస్తామని వాళ్లు అన్నారు. రెండు వర్గాలూ ఒకే మాట మీద నిలబడటం మా ఊరి చరిత్రలో అదే మొదటిసారి.

విమానం వెళ్లిపోయింది. కానీ బృందం బయలుదేరినట్టు పేపర్లో వచ్చాక ఊళ్లో కనిపించటం సబబు కాదు. అందుచేత పదకొండు మందీ నరసరావుపేట లాడ్జిలో దిగారు. అధ్యయనానికి లోటు రాకూడదని చేతి గడియారాలను కామెరూన్ కాలానికి, అంటే నాలుగున్నర గంటలు వెనక్కి, తిప్పుకున్నారు. ఫలితంగా పొద్దుటి ఇడ్లీ మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్నారు. ఇళ్ల నుంచి ఫోన్ చేసిన ఆడవాళ్లకు అక్కడి ఎండల గురించి చెప్పారు.

కాలేబు మాత్రం మా ఇంటికి వచ్చాడు.

"సెక్రటరీ గారూ, దుప్పటి తీసియ్యండి. పోస్టులోనే పంపుతా. అక్కడ చలి దిగిందంట."

"తీర్మానం కావాలయ్యా," అన్నాను. "కోరం ఇప్పుడు విదేశాల్లో ఉంది."

అతను ఆ మాటకు నవ్వలేదు. మెట్టు మీద కూర్చున్నాడు. లోపల్నుంచి మా ఆవిడ హైమావతి చీపురుతో వచ్చింది.

"ఏందండీ ఇది? పెట్టెలో పచ్చడి కారి వసారా అంతా చీమలు. వాటికి లేదా మూఢం?"

"తాడు తెంపకూడదే" అన్నాను.

"తెంపితే ఏమవుద్ది? అపశకునం నాకేగా? ఇరవై ఆరేళ్లు మీ సంఘాన్ని భరించినదాన్ని, ఇదొక లెక్కా? కాలేబన్నా, నువ్విట్టా రా. ఏ పెట్టె?"

నేను పూజగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. దైవచింతన కోసమేనని మీరు నమ్మితే సంతోషం. చూడలేదని తర్వాత చెప్పుకోవటానికి వీలుగా ఉంటుందని కూడా అనుకున్నాను. బయట తాడు తెగిన చప్పుడు చాలా చిన్నగా వినిపించింది. పిడుగేమీ పడలేదు.

దుప్పటికి ఒక మూల పచ్చడి నూనె అంటింది. కాలేబు కుంకుడు రసంతో మూడుసార్లు ఉతికి, ఆరేసి, నరసరావుపేట పోస్టాఫీసులో పార్సిల్ చేశాడు. నాలుగో వారం అతని ఫోన్‌కు ఫొటో వచ్చింది. మట్టిగోడ ముందు పీట మీద ముసలామె, ఒళ్లో దుప్పటి. కళ్లు ఎటో చూస్తున్నాయి గానీ వేళ్లు మాత్రం తెల్ల చారల మీద ఉన్నాయి. చూపు లేకపోయినా తడిమి తన నేతను గుర్తుపట్టిందని మనవడు చెప్పాడట. నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. నలుగురికీ చూపిద్దామని నేనే ఆ ఫొటోను ప్రెసిడెంటు గారికి పంపాను.

ఇంత బుద్ధితక్కువ పని నేను మళ్లీ చేయను.

విదేశీ పర్యటన దిగ్విజయంగా ముగించినందుకు బృందానికి నరసరావుపేటలో సన్మానం ఏర్పాటైంది. వాడని అరవై శాలువాలు ఎలాగూ ఉన్నాయి. పర్యటన నివేదిక రెండు వందల కాపీలు అచ్చువేశాం. రాసింది నేనే, సంతకాలు పదకొండు. అట్ట మీద ముసలామె ఫొటో, కింద 'కామెరూన్ నిరుపేద మహిళకు సంఘం వారి దుప్పటి దానం' అన్న అక్షరాలు. ఆ వాక్యం కూడా నేనే రాశాను. చెప్పి రాయించారు, నిజమే. చెయ్యి మాత్రం నాది.

వేదిక మీద తెరపై అదే ఫొటో వేశారు. ప్రెసిడెంటు గారు మైకు పట్టుకున్నారు.

"రైతు సోదరులారా! ఆ తల్లి మమ్మల్ని చూసి పెట్టిన కన్నీరు ఈ జన్మకి మరిచిపోలేం. దేశం కాని దేశంలో మన పల్నాడు చెయ్యి దాతృత్వానికి పెట్టింది పేరని చాటి వచ్చాం. ఆ కరుణకి ఎల్లలు లేవు కాబట్టి, ఇదే వేదిక మీద మన ఊరి పేదవాడు కాలేబుకి కూడా ఒక కొత్త దుప్పటి దానం చేస్తున్నాం. ఏడిరా కాలేబూ? రా, రా, సిగ్గుపడమాక!"

వెనక వరుసలో ఉన్న కాలేబును ఇద్దరు చేతులు పట్టుకుని తెచ్చారు. ప్రెసిడెంటు గారు కెమెరా వైపు తిరిగి దుప్పటి కప్పబోయారు. కాలేబు దాన్ని రెండు చేతులతో అందుకుని, మర్యాదగా మడిచి, తిరిగి ఆయన చేతుల్లోనే పెట్టాడు.

"వద్దయ్యా. ఆమె దుప్పటి ఆమెకి చేర్చేసరికే పందొమ్మిదేళ్లు పట్టింది. ఇది కూడా తీర్చేంత ఆయుష్షు నాకు లేదు."

చెప్పేసి మెట్లు దిగి వెళ్లిపోయాడు. నడకలో తొందరేమీ లేదు, బరువు దించుకున్న మనిషి నడిచినట్టే నడిచాడు. మైకు అతని దగ్గర లేదు కాబట్టి ఆ మాట ముందు వరుసకు మాత్రమే వినపడింది. ముందు వరుసలో మనమే ఉన్నాం. మనందరికీ శుభ్రంగా వినపడింది. ప్రెసిడెంటు గారు ఒక్క క్షణం మన వైపు చూశారు, ఏమనుకున్నామోనని.

మనం చప్పట్లు కొట్టాం. మొదట కొట్టింది నేను. రెండోది మీరు.